వంకాయ రంగు తిరగని గుంటలు

అందరికీ నమస్కారం. తిరుపతిలో ఫార్మసీ, కెమిస్ట్రీ చదువుతున్న మీ ముందు ఈ మాటలు చెప్పాలని ఎన్నాళ్లుగానో అనుకుంటున్నాను.

గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ దాదాపు ఎప్పుడూ హెచ్‌పీవీ వైరస్ వల్లే వస్తుంది. ఆ సంగతి కనిపెట్టినందుకే జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జుర్ హౌసెన్‌కు 2008లో నోబెల్ ఇచ్చారు. మరి వైరస్‌దే తప్పయితే, హెర్పిస్ అనే ఇంకో వైరస్‌కు వాడే ఎసైక్లోవిర్ మందు మింగిస్తే తగ్గదా? తగ్గదు. ఆ మందు పని మొదలుపెట్టాలంటే ముందు దానికి ఒక ఫాస్ఫేటు, అంటే ఫాస్ఫరస్ ఉన్న చిన్న ముక్క, తగలాలి. హెర్పిస్ వైరస్ తన ఎంజైముతోనే దాన్ని తగిలించి, తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. హెచ్‌పీవీకి ఆ ఎంజైమే లేదు.

అందుకే ఫాస్ఫరస్‌ను ముందే అణువులో అమర్చిన మందుల వైపు చూశారు. సిడోఫోవిర్ అలాంటిదే. ఎయిడ్స్ రోగుల కంటికి సోకే ఇన్‌ఫెక్షన్ కోసం 1996లో అమెరికాలో అనుమతి వచ్చింది. ఇందులో ఫాస్ఫరస్ నేరుగా కార్బన్‌కే అతుక్కుని ఉంటుంది, కణంలోని ఎంజైములు దాన్ని తెంచలేవు. మన ఎస్వీ యూనివర్సిటీ కెమిస్ట్రీ విభాగం ఏళ్ల తరబడి పనిచేసింది ఈ జాతి సమ్మేళనాల మీదే. చిక్కేమిటంటే, సిడోఫోవిర్ కణంలోకి సరిగా దూరదు, పైగా కిడ్నీల్లో పేరుకుంటుంది. దానికి కొవ్వు తోక తగిలిస్తే బ్రిన్సిడోఫోవిర్ అయింది. కణంలోకి సులువుగా పోతుంది, కిడ్నీల జోలికి పెద్దగా పోదు. కడుపుకు మాత్రం పడలేదు, విరేచనాలు పట్టుకున్నాయి. మందును మార్చడమంటే ఇలా ఒకటి సర్దితే ఇంకొకటి బయటపడటమే.

కొత్త మందు క్యాన్సర్ కణాల మీద పనిచేస్తుందో లేదో ల్యాబ్‌లో చూసే పరీక్ష ఎలా ఉంటుందో చూడండి. అరచేతి పొడవు ప్లాస్టిక్ పళ్లెం, 96 చిన్న గుంటలు. వాటిలో హీలా కణాలు. 1951లో బాల్టిమోర్‌లో ఇదే జబ్బుతో చనిపోయిన హెన్రియెట్టా లాక్స్ అనే తల్లి శరీరం నుంచి, ఆమెను అడగకుండానే తీసిన కణాలవి. ఆ పళ్లెం చేతపట్టుకున్నప్పుడల్లా ఆమెను తలుచుకోండి. మందు వేసి, రెండు మూడు రోజులాగి, ఎంటీటీ అనే పసుపు రంగు రసాయనం పోస్తాం. బతికున్న కణాలు దాన్ని వంకాయ రంగుకు తిప్పుతాయి. చచ్చినచోట పసుపు అలాగే ఉంటుంది. పసుపు గుంట చూసి సంబరపడకండి. పక్క పళ్లెంలో మామూలు కణాలు కూడా చచ్చిపోయుంటే అది మందు కాదు, విషం.

మా పెద్దమ్మకు ముట్టు ఆగిపోయాక మళ్లీ రక్తం కనపడితే, "వేడి చేసింటుందిలే" అని ఆరు నెలలు ఎవరికీ చెప్పలేదు. ఆస్పత్రికి వచ్చేసరికి ఆలస్యమైపోయింది. 30 దాటిన ఆడవాళ్లకు ఐదేళ్లకోసారి చేసే పరీక్ష ఉంది. ముఖద్వారం మీద పలచని ఎసిటిక్ ఆమ్లం అద్దితే, అనుమానించాల్సిన చోటు నిమిషంలో తెల్లబడుతుంది. ఈ రాత్రి ఇంటికి ఫోన్ చేసినప్పుడు, ఆ పరీక్ష చేయించుకుందో లేదో అమ్మను అడగండి.