బెదిరించే ఇంట్లో బయటికి దారి

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలకు, నన్ను పిలిపించిన మన తెలుగు సంఘం యువజన విభాగానికి, పొద్దుటి నుంచి వంటల దగ్గరే నిలబడి ఉన్న అక్కయ్యలకు, బావగార్లకు, కుర్చీలు చాలక గోడవార నిలబడ్డ పిల్లలకు పేరుపేరునా నమస్కారం. న్యూజెర్సీలో మనవాళ్ళు ఏ సభ పెట్టినా పండగలాగే ఉంటుంది, చాలా సంతోషం. అధ్యక్షులు గారు నా గురించి చెప్పిన మంచి మాటలకు కృతజ్ఞుణ్ణి. ఆయన ఇంకా చెప్పబోతుంటే నేనే చెయ్యి పట్టుకుని ఆపాను. నేను చెప్పి తీరాల్సిన సంగతి ఒకటుంది. అది చెప్పకుండా ఈ మెట్లు దిగలేను.

కరపత్రంలో నా ప్రసంగానికి "హాలోవీన్ రాత్రులు: థీమ్ పార్కుల్లో భయాన్ని ఎలా తయారు చేస్తారు" అని పేరు పెట్టారు. మీలో ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళున్నారు, నాటకాలు వేసేవాళ్ళున్నారు, ఈ సెప్టెంబరులో పార్కుల్లో సీజన్ ఉద్యోగాలకు పోదామనుకునేవాళ్ళున్నారు. కాబట్టి ముందు పని గురించే మాట్లాడతాను.

హాలోవీన్ అంటే అక్టోబరు 31న వచ్చే దయ్యాల పండగ. పార్కుల్లో దాని పేరున నడిపే ఈ రాత్రులు మరీ పాతవేం కాదు. కాలిఫోర్నియాలో బ్యూనా పార్క్ అనే ఊళ్ళో నాట్స్ బెర్రీ ఫామ్ ఉంది. 1973లో వాళ్ళు మూడంటే మూడు రాత్రులు తమ పార్కుకు దయ్యాల వేషం కట్టారు. ఇప్పుడది సెప్టెంబరు నుంచి హాలోవీన్ దాకా నడిచే పెద్ద జాతర. ఒర్లాండోలో యూనివర్సల్ స్టూడియోస్ 1991లో "ఫ్రైట్ నైట్స్" అని మొదలుపెట్టి, మరుసటి ఏడాదే "హాలోవీన్ హారర్ నైట్స్" అని పేరు మార్చింది. ఆ తర్వాత దాదాపు ప్రతి పెద్ద పార్కూ ఈ దారి పట్టింది.

ఇందులో రెండు రకాల చోట్లుంటాయి. ఒకటి దయ్యాల ఇల్లు. క్యూలో నిలబడి లోపలికి పోతారు, గది తర్వాత గది దాటుకుంటూ అవతల తేలుతారు. రెండోది స్కేర్ జోన్. దీనికి తలుపులుండవు, క్యూ ఉండదు. మీరు బజ్జీల బండి దాకా నడుస్తున్న వీధిలోనే పొగ కమ్ముకుంటుంది, దయ్యం వచ్చి పక్కన నిలబడుతుంది. నాట్స్‌లో ఘోస్ట్ టౌన్ వీధి దీనికి మూలపీఠం. అక్కడి వేషగాళ్ళు మోకాళ్ళకు ప్యాడ్లు, బూట్లకు ఇనప ముక్కలు కట్టుకుని పరుగెత్తుకొచ్చి, మోకాళ్ళ మీద జారుతూ నిప్పురవ్వలు లేపి మీ కాళ్ళ ముందు ఆగుతారు. స్లైడర్లంటారు వాళ్ళను. ఇవాళ ఇతర పార్కుల్లో జారే దయ్యాలకు పుట్టిల్లు ఆ వీధే.

స్కేర్ జోన్ ఎలా పనిచేస్తుందో మనవాళ్ళకు ఎక్కువ వివరించక్కర్లేదు. బోనాలప్పుడు పోతరాజు వస్తుంటే చూశారుగా? ఒంటినిండా పసుపు, చేతిలో కొరడా. ఆయన ఎటు అడుగేస్తే అటు జనం పాయలా విడిపోతారు, దాటగానే మళ్ళీ మూసుకుంటారు. జనాన్ని తోసేది ఆయన చెయ్యి కాదు, ఆయన చుట్టూ ఉన్న ఖాళీ. ఆ ఖాళీకి చోటు లేకపోతే? పక్కకు జరగాల్సినవాడు పక్కవాడి మీద పడతాడు, వాడు చంటిపిల్లనెత్తుకున్న తల్లి మీద పడతాడు. అందుకే స్కేర్ జోన్ గీసేటప్పుడు మొదటి గీత దయ్యానికి కాదు, దారికి. వీధి వెడల్పు ఎంత, అందులో వేదిక పెడితే ఎంత పోతుంది, దయ్యంతో ఫొటో దిగడానికి జనం ఆగితే ఇంకెంత పోతుంది, చక్రాల కుర్చీ ఎక్కడ తిరుగుతుంది, ఫైరింజన్ ఎటు వస్తుంది. వాలు దగ్గర, మెట్ల దగ్గర పొగ వదలకూడదు. రంపం పట్టుకున్నవాడి రంపానికి గొలుసు తీసేసి ఉంటుంది, మోటారు మోత ఒక్కటే ఉంటుంది. అయినా ఆ మోతకు పరుగు తీసేవాళ్ళు ఎటు పరుగెడతారో మనం ముందే చూసి పెట్టుకోవాలి.

2022 అక్టోబరు 29 రాత్రి సియోల్‌లో ఇతేవాన్ అనే పేటలో హాలోవీన్‌కు వచ్చిన జనం ఒక ఇరుకు సందులో చిక్కుకున్నారు. వాలుగా ఉన్న సందు. 159 మంది ప్రాణాలు పోయాయి, ఎక్కువమంది ఇరవైలలో ఉన్నవాళ్ళు. అక్కడ పార్కు లేదు, దయ్యం వేషం వేసి తరిమినవాడూ లేడు. వెడల్పు చాలలేదు, జనాన్ని ఆపేవాళ్ళు లేరు, అంతే. దీని మీద ఇంకా మాట్లాడాలని ఉంది, కానీ ఇప్పుడు దయ్యాల ఇంటి సంగతికి వస్తాను.

దయ్యాల ఇల్లు లెక్కతో కట్టేది. పెద్ద పార్కులో గుంపుగుంపుగా ఆపి లోపలికి పంపడం కుదరదు, ఒకరి వెనక ఒకరు నడుస్తూనే ఉండాలి. మూడు సెకండ్లకొకరు దాటితే గంటకు 1,200 మంది. దయ్యం బయటికి దూకి, మళ్ళీ గోడలోని కన్నంలోకి వెళ్ళి దాక్కోవడానికి పన్నెండు సెకండ్లు పట్టిందనుకోండి, నలుగురిలో ఒకరికే ఆ దెబ్బ తగులుతుంది. మిగతా ముగ్గురికి దయ్యం వీపు కనిపిస్తుంది. అందుకని ఒకే గదిలో రెండు కన్నాలు పెడతాం, ఎడమవైపు బొమ్మను చూపించి కుడివైపు నుంచి మనిషిని దూకిస్తాం. ఆ కన్నాలను బూ హోల్స్ అంటారు. ఇంకో సంగతి. ఎదురుగా వచ్చి భయపెడితే జనం ఆగిపోతారు, వెనక్కి తగ్గుతారు, వరస తెగుతుంది. పక్క నుంచో వెనక నుంచో భయపెడితే ముందుకు కదులుతారు. మంచి డిజైనర్ భయంతోనే జనాన్ని నడిపిస్తాడు. ఆ కన్నంలో నిలబడే కుర్రాడి గొంతు రాత్రంతా అరిస్తే పోతుంది, కాబట్టి కాలికింద మీట పెట్టి అరుపును స్పీకరుకు అప్పగిస్తాం. బెదిరినవాడు గబుక్కున చెయ్యి విసురుతాడు, ఆ దెబ్బ మన కుర్రాడి ముఖానికి తగలకుండా కన్నం ముందు అడ్డుకట్ట ఉండాలి. రెండు జట్లు మారుతూ పనిచేయాలి, నీళ్ళుండాలి. ఉద్యోగానికి వెళ్ళే పిల్లలు ఇవి అడిగి తెలుసుకోండి. సిగ్గుపడకండి.

దీని తర్వాత వేషాలు, మేకప్, సంగీతం గురించి చూపిద్దామని బొమ్మలు తెచ్చాను. అవి వదిలేస్తున్నాను. కంప్యూటరు దగ్గరున్న తమ్ముడూ, తెర ఆపెయ్యి నాయనా.

మీలో సగంమంది వేసవిలో పిల్లలను తీసుకుని జాక్సన్ టౌన్‌షిప్‌లోని సిక్స్ ఫ్లాగ్స్ గ్రేట్ అడ్వెంచర్‌కు వెళ్తారు. మన రాష్ట్రంలోనే ఉంది. అక్కడ హాంటెడ్ కాజిల్ అని ఒక దయ్యాల కోట ఉండేది. బయటికి కోట, లోపల 17 ట్రైలర్లు. లారీలు లాక్కెళ్ళే ట్రైలర్లను ఒకదానికొకటి తగిలించి, లోపల చీకటి నడవలు కట్టారు. 1984 మే 11, శుక్రవారం సాయంత్రం. హాలోవీన్ కాదు, మామూలు రోజు. స్కూలు పిల్లలు వచ్చిన రోజు. లోపల ఒకచోట స్ట్రోబ్ లైటు, అంటే టపటపా వెలిగి ఆరే లైటు, సరిగ్గా పనిచేయడం లేదు. ఒక కుర్రాడు దారి కనిపించక సిగరెట్ లైటరు వెలిగించాడని, ఆ మంట గోడకు కొట్టిన ఫోమ్‌కు అంటుకుందని దర్యాప్తులో తేలింది. తగిలితే దెబ్బ తగలకూడదని వేసిన మెత్తటి ఫోమ్ అది. మంట రేగితే పైనుంచి నీళ్ళు చిమ్మే స్ప్రింక్లర్లు లేవు. పొగను పసిగట్టే యంత్రాలు లేవు. ఎనిమిదిమంది చనిపోయారు. ఎనిమిదిమందీ టీనేజి పిల్లలే. మంటలార్పిన వాళ్ళు లోపలికి వెళ్ళి, అక్కడ పడి ఉన్నవి ప్రదర్శనలోని బొమ్మలనుకున్నారట మొదట.

అమ్మా, అయ్యా, ఆ ఒక్క వాక్యం మళ్ళీ చెబుతాను. పిల్లలను చూసి బొమ్మలనుకున్నారు.

ట్రైలర్లు కాబట్టి దాన్ని తాత్కాలిక కట్టడంగా లెక్కవేశారు. పక్కా భవనానికి ఉండాల్సిన రక్షణలేవీ పెట్టలేదు. 1979 నుంచి ఉన్నచోటే ఉన్న కోట అది! తర్వాత కంపెనీ మీద కేసు నడిచింది, 1985లో జ్యూరీ నిర్దోషులని తీర్పిచ్చింది. ఆ తీర్పును తప్పుపట్టడానికి నేనిక్కడికి రాలేదు. ఆ పిల్లల తర్వాత ఏం మారిందో చెప్పడానికి వచ్చాను. ఈ దేశంలో లైఫ్ సేఫ్టీ కోడ్ అనే భవనాల ప్రాణరక్షణ నియమావళి దయ్యాల ఇళ్ళను ప్రత్యేక వినోద భవనాలుగా గుర్తిస్తుంది. స్ప్రింక్లర్లు ఉండాలి. చీకటి ఉన్నచోట పొగ పసిగట్టే యంత్రాలు ఉండాలి. అవి మోగగానే లోపలి లైట్లన్నీ వెలగాలి, అరుపులు, సంగీతం అన్నీ ఆగిపోవాలి, బయటికి దారి కనిపించాలి. ఇదీ నియమం. ఆ నియమంలోని ఒక్కో ముక్కకూ ఆ కోటలో లేని ఒక్కో వస్తువు పేరు పెట్టుకోవచ్చు.

ఇప్పుడు నా బాధ చెబుతాను. నేను లైట్ల పని చేసే రోజుల్లో ఒక పార్కులో, దాని పేరు చెప్పను, రిహార్సల్ రాత్రి దయ్యాల ఇంట్లోకి వెళ్తే నడవ చివరన ఎగ్జిట్ బోర్డు కనిపించలేదు. బోర్డు ఉంది. దాని మీద నల్లగుడ్డ కప్పి ఉంది. ఎవరు కప్పారని అడిగితే, ఆ ఎర్రవెలుగు పడితే సీను చెడుతోందన్నారు. నేను గుడ్డ లాగేశాను. మరునాడు మళ్ళీ ఉంది. మళ్ళీ లాగేశాను. చివరికి ప్రారంభాన్ని ఆపమని కాగితం మీద రాసిస్తే తప్ప వాళ్ళు వినలేదు. ఆ కాగితం రాసినందుకు మరుసటి సీజన్ నన్ను పిలవలేదు. అది నా బాధ కాదు. ఆ గుడ్డ కప్పినవాడు నాకంటే బాగా చదువుకున్నవాడు, పిల్లలున్నవాడు. జాక్సన్ సంగతి తెలుసా అని అడిగితే, అదెప్పుడో పాతకాలంలో కదా అన్నాడు. నా బాధ అదీ.

పాతకాలం కాదు. 2024 మే 25న గుజరాత్‌లో రాజ్‌కోట్‌లో ఆటల జోన్ కాలిపోయింది. మళ్ళీ తాత్కాలిక షెడ్డే. అగ్నిమాపక శాఖ అనుమతి లేకుండానే. పాతికమందికి పైగా చనిపోయారు, అందులో చిన్నపిల్లలున్నారు. జాక్సన్‌కు, రాజ్‌కోట్‌కు మధ్య నలభై ఏళ్ళు. మన ఊళ్ళ ఎగ్జిబిషన్లలో ప్లైవుడ్డు, టార్పాలిన్‌తో కట్టే దయ్యాల కొంపలు మీకు గుర్తున్నాయా? టికెట్టు కొనేటప్పుడు మీలో ఎవరైనా వెనక తలుపుందా అని అడిగారా? ఇండియా వెళ్ళినప్పుడు పిల్లలు పోదామని మారాం చేస్తారు. తీసుకెళ్ళండి, కానీ అడగండి. దయచేసి అడగండి. టికెట్టిచ్చేవాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

భయాన్ని తగ్గించమని నేననడం లేదు. ఈ పని మీద నాకున్న ప్రేమ మీకెవరికీ తీసిపోదు. పొగలోంచి ఒక ముఖం తేలివచ్చే ఆ క్షణం కోసం నేను ఏళ్ళ తరబడి రాత్రుళ్ళు మేల్కొన్నాను. లోపల ఉన్నవాడు గుండెలవిసేలా అరవాలి, బయటికొచ్చి స్నేహితుడి భుజం మీద వాలి నవ్వాలి. అరిచి, నవ్వే దాకా మధ్యలో ఉన్న దారి మనది. ఒక ఆపరేటరు ఉండాలి, వాడి చేతి కింద లైట్లన్నీ వెలిగించే మీట ఉండాలి, అది నొక్కడానికి ఎవరి అనుమతీ అడగాల్సిన పని ఉండకూడదు. బడ్జెట్టు తగ్గించమన్నప్పుడు ముందు తీసేసేది ఆ మనిషినే. రబ్బరు దయ్యాన్ని తగ్గించండయ్యా, ఆ మనిషిని తగ్గించకండి.

ఉపాధి గురించి చెబుతానని కార్యదర్శి గారికి మాటిచ్చాను. టూకీగా చెప్పేస్తాను. సీజన్ ఉద్యోగాలకు పార్కులు వేసవిలోనే ఆడిషన్లు పెడతాయి. నాటకాలు వేసినవాళ్ళకు, ఒంట్లో ఓపిక ఉన్నవాళ్ళకు అవకాశాలున్నాయి. స్టూడెంటు వీసాల మీద ఉన్నవాళ్ళు మాత్రం మీ కాలేజీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసును అడగకుండా ఏ ఉద్యోగంలోనూ చేరకండి.

భోజనాలకు ఇంకా సమయం ఉంది. బయట బల్ల మీద ఒక దయ్యాల ఇంటి నక్షాలు పెట్టాను. పది గదులు, మూడు మలుపులు, ఒకే ఒక్క ప్రవేశం. దయ్యాలు ఎక్కడ దాక్కోవాలో గీసి ఉంది. బయటికి దారులు గీయలేదు. తలా ఒకటి తీసుకుని, ఏ గదిలో నిలబడ్డవాడు ఎటు పోవాలో, లైట్లు వెలిగించే మీట ఎక్కడుండాలో పెన్సిలుతో గీసి తీసుకురండి. ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని చూస్తాను.