వినోదానికి ముగింపు కావాలి

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దల పేర్లు అధ్యక్షులవారు ఇప్పటికే చెప్పారు కాబట్టి నేను నేరుగా విషయంలోకి వస్తాను. నాకిచ్చిన అంశం ‘వినోదం, నిజమైన ఆనందం’. ఆనందం గురించి తర్వాత మాట్లాడతాను. ముందు వినోదానికి జరిగిన ఒక అన్యాయం గురించి చెప్పాలి. దానికి ముగింపు లేకుండా చేసేశారు.

పాత సినిమాకి శుభం కార్డు పడేది. పత్రికకి చివరి పేజీ ఉండేది. అక్కడికొచ్చాక ఇంకా కూర్చోవాలా, లేవాలా అని ఆలోచించుకునే వ్యవధి దొరికేది. 2006లో ఆజా రాస్కిన్ అనే డిజైనర్ ఎంత జరిపినా అడుగు కనిపించని పేజీని తయారుచేశాడు. ఆ తర్వాత ఆయనే దానికి బహిరంగంగా విచారం వెలిబుచ్చాడు. ఆటోప్లే అందుకు తోడైంది. ఒక ఎపిసోడ్ అవగానే కొన్ని సెకన్లలో తర్వాతిది మొదలైపోతుంది. ఒకప్పుడు చూడాలంటే పూనుకోవాల్సి వచ్చేది, ఇప్పుడు ఆపాలంటే పూనుకోవాలి. అలసిపోయి రాత్రి పడుకునే వేళకి ఆ ఓపిక ఎవరికుంటుంది? 2017లో నెట్‌ఫ్లిక్స్ అప్పటి అధిపతి రీడ్ హేస్టింగ్స్ తమ పోటీ నిద్రతో అని బాహాటంగానే అన్నారు. అమ్మా, అయ్యా, ఆ మాటని మీరు తేలిగ్గా తీసుకోవద్దు.

ఇంకో సంగతి. స్కిన్నర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పావురాలతో ప్రయోగాలు చేశాడు. ఇన్నిసార్లు పొడిస్తే గింజ వస్తుందని లెక్క ఉన్నప్పుడు, గింజ దొరికాక పావురం కాసేపు ఆగుతుంది. ఎన్నోసారికి వస్తుందో తెలియనప్పుడు దాదాపు ఆగకుండా పొడుస్తూనే ఉంటుంది. రీల్స్‌లో పది చప్పగా ఉండి పదకొండోది నవ్విస్తుంది. ఆ పదకొండోది ఎప్పుడొస్తుందో తెలియదు కాబట్టే వేలు ఆగదు. అన్నీ బాగుంటే మనం ఇంతసేపు చూడమేమో కూడా.

కెంట్ బెరిడ్జ్ అనే శాస్త్రవేత్త మెదడులో ‘కావాలి’ అనిపించేదీ ‘బాగుంది’ అనిపించేదీ వేరువేరు అని చూపించాడు. డోపమైన్ అనే మెదడు రసాయనం పని ఎక్కువగా మొదటిదానితో. అందుకే గంటసేపు చూసి, ఏమీ బాగాలేదనుకుంటూనే ఇంకోటి జరుపుతాం. దీన్ని మీ బలహీనత అని ఎవరైనా అంటే నమ్మకండి. పిల్లల్ని అసలే అనకండి.

ఆనందం మాటకొస్తే, 2010లో కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ అనే ఇద్దరు పరిశోధకులు 2,250 మందిని ఫోన్ల ద్వారానే వేళకాని వేళ పలకరించి, ఏం చేస్తున్నారు, మనసెక్కడుంది, ఎలా ఉన్నారు అని అడిగారు. దాదాపు 47 శాతం సమయం మనసు చేస్తున్న పని మీద లేదు. మనసు అక్కడ లేనప్పుడు జనం తక్కువ సంతోషంగా ఉన్నారు. హాయైన ఊహల్లో ఉన్నవాళ్లు కూడా, పనిలో మనసు పెట్టినవాళ్లకంటే ఎక్కువ సంతోషంగా లేరు. నేను నమ్మేది ఇదే. మనసు నిలిచిన చోటే ఆనందం ఉంటుంది. ఆ నిలకడనే మనం రోజూ పోగొట్టుకుంటున్నాం.

ఇక్కడ ఇంకా కొన్ని అధ్యయనాల గురించి చెప్పాలనుకున్నాను. వదిలేస్తున్నాను. అందరూ ఫోన్లు బయటికి తీయండి. నిజంగానే అంటున్నాను, తీయండి.

సెట్టింగ్స్‌లో నోటిఫికేషన్లు తెరవండి. మనిషి మీకోసం పంపేవి ఉంచుకోండి: కాల్స్, మెసేజీలు. బ్యాంకు హెచ్చరికలూ ఉంచండి. ‘మీకు నచ్చవచ్చు’, ‘ఫలానావారు లైవ్‌లో ఉన్నారు’ లాంటివన్నీ ఆపేయండి. తర్వాత వీడియో యాప్‌లలో ఆటోప్లే ఆపండి. ఒక యాప్‌లో ఆపితే ఇంకోదాంట్లో ఆగదు, దేనికది విడిగా చూసుకోవాలి. ఇక మిమ్మల్ని ఎక్కువగా లాగే యాప్ ఒక్కటే తీసేయండి. అవసరమైతే బ్రౌజర్‌లో తెరిచి, పనయ్యాక లాగౌట్ చేయండి. ప్రతిసారీ పాస్‌వర్డ్ కొట్టాల్సి రావడమే మీకు దొరికే వ్యవధి. రాత్రికి ఛార్జర్ పడకగది బయట పెట్టండి. అలారం కోసం ఫోన్ పక్కనే కావాలంటారు, దానికో గడియారం చాలు.

సీరియళ్లు చూసేవారికి ఒక ఉపాయం. ఎపిసోడ్ చివర ఆపాలని చూడకండి, ముడి వేసేది అక్కడే. తర్వాతిది మొదలై ఆ ముడి విడిపోయాక, మధ్యలో ఆపండి. అప్పుడు లేవడం చాలా సులువు.

ఇవన్నీ చేసినా చాలామందికి నాలుగు రోజులకే ఎందుకు బెడిసికొడుతుందో చెబుతాను. ఫోన్ తీసేసిన గంట ఖాళీగా మిగిలిపోతుంది. 2014లో వచ్చిన ఒక అధ్యయనంలో మనుషుల్ని ఖాళీ గదిలో 15 నిమిషాలు ఒంటరిగా కూర్చోబెట్టారు, కావాలంటే నొక్కి చిన్న కరెంటు షాక్ ఇచ్చుకునే మీట ఒకటి దగ్గర పెట్టారు. 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో 6గురు ఊరికే ఉండలేక తమకి తామే కరెంటు షాక్ ఇచ్చుకున్నారు! అంతకుముందు ఆ షాక్ తప్పించుకోవడానికి డబ్బైనా ఇస్తామన్నవాళ్లే వీళ్లు. కాబట్టి ఖాళీని తక్కువగా అంచనా వేయకండి. ఆ గంటలో ఏం చేస్తారో ముందురోజే పేరుపెట్టి రాసుకోండి. ‘పుస్తకం చదువుతాను’ అంటే సరిపోదు, ఏ పుస్తకమో రాయాలి, అది కుర్చీ మీద ఉండాలి. చేతులతో చేసేదైతే మరీ మంచిది: కుట్టుపని, వాయిద్యం, మొక్కలు. మరీ తేలికైతే విసుగొస్తుంది, మరీ కష్టమైతే ఫోన్ గుర్తొస్తుంది. మీ చేతనైనదానికి కాస్త పైన ఉండేలా చూసుకోండి. మొదట్లో చిరాకు తప్పదు. చెయ్యి జేబులోకి దానంతటదే పోతుంది. పద్ధతి పనిచేయట్లేదని అప్పుడు మానేయకండి.

పిల్లల సంగతి. వీడియో మధ్యలో ఫోన్ లాక్కుంటే ఏ బిడ్డయినా ఏడుస్తుంది. ఇది అయ్యాక ఆపుదామని ముందే చెప్పి, అది అయ్యేదాకా పక్కన కూర్చోండి. ఆటోప్లే ఆపి ఉంచితేనే ఈ మాట నిలబడుతుంది. వెనక వరసల్లో ఇంకా సెట్టింగ్స్ దొరకనివాళ్లు చేతులెత్తండి, కిందికి వచ్చి చూపిస్తాను.