సీటు వచ్చిన తర్వాత గ్రేడ్లు జారితే

సభకు నమస్కారం. ఇంటర్ ఫలితాలు వచ్చి, ఎంట్రన్స్ ర్యాంకు తేలి, ఆ తర్వాతే కౌన్సెలింగ్‌లో సీటు అందుకున్న తరం మనది. అమెరికాలో ఈ వరస తిరగబడుతుంది. పన్నెండో తరగతి పూర్తికాకముందే సీటు వస్తుంది, చివరి గ్రేడ్లు జూన్‌లో వస్తాయి. అందుకే ఆ అడ్మిషన్ లేఖలో, ఇప్పటి స్థాయిలోనే చదువు పూర్తిచేయాలన్న షరతు ఉంటుంది. ఇంటిల్లిపాదీ సంబరంగా చదివే ఆ లేఖలో ఈ ఒక్క పేరా మాత్రం చాలామంది చదవరు.

‘ఏ’ గ్రేడు ‘బి’ అయినంత మాత్రాన సాధారణంగా ఎవరూ సీటు వెనక్కి తీసుకోరు. అన్ని సబ్జెక్టుల్లోనూ ఒకేసారి పడిపోవడం, డి లేదా ఎఫ్ రావడం, దరఖాస్తులో చూపిన ఏపీ కోర్సును (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సును) చెప్పకుండా వదిలేయడం ప్రమాదకరమైనవి. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు క్యాంపస్‌లయితే ఇటువంటి మార్పులను విద్యార్థే తెలియజేయాలని స్పష్టంగా కోరతాయి. 2017 వేసవిలో అర్వైన్ క్యాంపస్ సుమారు 500 సీట్లను రద్దుచేసింది. పెద్ద గొడవ అయ్యాక చాన్సలర్ క్షమాపణ చెప్పి, ట్రాన్స్‌క్రిప్టు, అంటే స్కూలు పంపే గ్రేడ్ల పట్టిక, సకాలంలో అందలేదన్న కారణంతో తొలగించిన వారికి సీట్లు తిరిగి ఇచ్చారు. గ్రేడ్లు పడిపోయిన వారికి మాత్రం ఆ ఊరట అంత సులభంగా దక్కలేదు.

గ్రేడు జారిందని తెలిసిన వారంలోనే అడ్మిషన్ల కార్యాలయానికి రాయండి. ఇవాళ నేను ముఖ్యంగా కోరేది ఇదే. చివరి ట్రాన్స్‌క్రిప్టు ఎలాగూ వేసవిలో వాళ్ల చేతికి వెళ్తుంది. అందులో చూసి వాళ్లు వివరణ అడిగే నాటికి ఇతర కాలేజీల గడువులు దాటిపోయి ఉంటాయి, అదే ఏప్రిల్‌లో తెలిస్తే వేసవి బడిలో ఆ కోర్సు మళ్లీ చదివితే అంగీకరిస్తారా అని అడిగే వ్యవధి ఉంటుంది. ఆ అంగీకారాన్ని రాతపూర్వకంగా తీసుకోండి.

ఉత్తరం విద్యార్థే రాయాలి. తండ్రి ఫోన్ చేసి బతిమాలడం వల్ల మేలు జరగదు, పిల్లవాడు తన చదువుకు తాను బాధ్యుడు కాడేమోనన్న అనుమానం మాత్రం కలుగుతుంది. ఏ సబ్జెక్టులో ఏం జరిగింది, కారణమేమిటి, ఇప్పుడు ఏం చేస్తున్నాను అన్న మూడు సంగతులూ ఒక పుటలో ఇమడాలి. అనారోగ్యమో, ఇంట్లో మరణమో కారణమైతే దాచకుండా చెప్పి, ఆధారం జతచేయవచ్చు. అలాంటి కారణమేదీ లేకపోతే కల్పించకండి. సీటు వచ్చాక శ్రద్ధ తగ్గిందని ఒప్పుకుని, ఆ తర్వాత రాసిన పరీక్షల మార్కులు చూపడమే మేలు. స్కూల్ కౌన్సెలర్‌కు ముందుగానే చెప్పండి, ఎందుకంటే కాలేజీ వివరాలు కావాలనుకుంటే మొదట సంప్రదించేది తరచుగా వారినే.

తల్లిదండ్రులకు ఒక మనవి. నలుగురికీ సీటు సంగతి చెప్పుకున్నాక గ్రేడు పడిపోయిందని తెలిస్తే మనకు తలవంపులుగా అనిపిస్తుంది, ఆ కోపం పిల్లల మీదికి మళ్లుతుంది. అప్పుడు వాళ్లు రెండో గ్రేడు కూడా దాచిపెడతారు, ఉత్తరం రాయాల్సిన ఆ కొద్ది వారాలూ అలా గడిచిపోతాయి. ఈ రాత్రే పిల్లలతో కూర్చుని ఆ అడ్మిషన్ లేఖ తెరిచి, షరతుల పేరాను కలిసి చదవండి. సందేహం ఉన్న చోట రేపు ఉదయమే కాలేజీకి రాయించండి.