తాళంచెవి ఎవరి దగ్గరుంది?

(ఏప్రిల్ 23, ప్రపంచ పుస్తక, కాపీరైటు దినం నాడు నెల్లూరులో ఒక గ్రంథాలయ సభలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం. వేదిక మీది పెద్దలకు, వెనక వరసలో గ్రూప్స్ పుస్తకాలు ముందేసుకుని ఈ మైకు గోల ఎప్పుడు ఆగుతుందా అని చూస్తున్న పిల్లలకు కూడా. ఎండ ముదరకముందే వదిలేస్తాను.

ఆ బ్యానరు చూడండి. 'ప్రపంచ పుస్తక దినోత్సవం' అని ఉంది. యునెస్కో పెట్టిన పేరులో 'కాపీరైటు' అన్న మాట కూడా ఉంది. ఫ్లెక్సీ వేసిన కుర్రాడు చోటు చాలక తీసేశాడట. నన్ను పిలిచింది మాత్రం ఆ తీసేసిన మాట గురించి మాట్లాడమనే.

నేను లాయర్ని కాను. ట్రంకురోడ్డు సందులో ముప్పయ్యేళ్ళు డీటీపీ చేసినవాణ్ణి. పెళ్ళి పత్రికలు, పెద్దకర్మ కార్డులు, ఎన్నికలొస్తే కరపత్రాలు, మధ్యమధ్య కవిత్వం. ఈ నాలుగింటిలో నాకు బాకీ మిగిల్చింది కవిత్వమొక్కటే.

మొన్న సంక్రాంతి తర్వాత కావలి వైపు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. చేతిసంచిలో తువ్వాలులో చుట్టిన పుస్తకం. వాళ్ళ నాయన రాసిన పద్యాలు. 1961లో మన నెల్లూరులోనే అచ్చయింది. 84 పేజీలు, అట్ట మీద 'వెల 75 న.పై.' అని ఉంది, నయాపైసలన్న మాట. నేను మెల్లగానే తెరిచాను. అయినా పేజీ మూల అప్పడంలా విరిగి కీబోర్డు మీద పడింది. ఆయన ఆ ముక్కను వేలితో అద్ది తీసి, మళ్ళీ పుస్తకంలోనే పెట్టుకున్నారు. "పొడి అయిపోకముందే రెండొందలు వేసియ్యి అబ్బయా, మనవళ్ళకు తలా ఒకటి ఇస్తా" అన్నారు.

హక్కులు ఎవరివని అడిగాను. "మా నాయన పుస్తకానికి నేను హక్కులు తెచ్చేదేంది అబ్బయా?" అన్నారు.

ఆ నాయన పోయింది 1974లో. మన చట్టం ప్రకారం రచయిత పోయిన మరుసటి జనవరి 1 నుంచి 60 ఏళ్ళు లెక్క. అంటే 2034 డిసెంబరు 31 దాకా ఆ పద్యాలు ఆస్తి. వీలునామా లేకపోతే ఇల్లూ పొలమూ ఎట్లా పంచుకుంటారో పద్యాలూ అట్లాగే వారసులందరికీ పోతాయి. ఈయన చెల్లెలు వింజమూరులో ఉంది. అన్న పోయాడు, అన్న పిల్లలు అమెరికాలో ఉన్నారు. పదిహేను అంకణాల ఇంటి స్థలం దగ్గర మాటామాటా పెరిగి పన్నెండేళ్ళుగా పలకరింపుల్లేవు. స్థలం తేలందే పద్యాలూ తేలవన్న మాట. నేను వేసిచ్చానా లేదా అన్నది ఈ సభలో చెప్పను.

చట్టం పెట్టిన తాళం తప్పని నేను అనను. బతికున్న రచయిత కష్టాన్ని ఎవడో అచ్చేసుకుని అమ్ముకుంటుంటే ఆ తాళం కావాల్సిందే. నా అంగడి ముందే పైరసీ గైడ్లు అమ్మిన కాలం నాకు తెలుసు. ఇక్కడ సంగతి వేరు. తూముకు తాళం వేసిన నీరుగంటి పోయాడు, తాళంచెవి ఎవరి మొలతాడుకుందో తెలియదు, కింద మడి ఎండిపోతోంది.

ఈ 60 ఏళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయో చెబుతాను, ఇది తమాషా కథ. కాపీరైటు చట్టం 1957లో వచ్చింది, 1958 జనవరి 21 నుంచి అమలయింది. అప్పుడు గడువు 50 ఏళ్ళే. రవీంద్రనాథ్ ఠాగూర్ పోయింది 1941లో. కాబట్టి 1991 చివరికి ఆయన రచనలు అందరివీ అయిపోవాలి. ఆ హక్కులు శాంతినికేతన్‌లో ఆయన పెట్టిన విశ్వభారతి దగ్గరున్నాయి. గడువు దగ్గర పడేసరికి గగ్గోలు పుట్టింది, ప్రభుత్వం చట్టం సవరించి ఇంకో పదేళ్ళు కలిపింది. ఆ పదేళ్ళు ఠాగూరు ఒక్కరికే కలిపారా? దేశంలో ప్రతి కవికీ, ప్రతి పంచాంగకర్తకూ కలిపారు. శాంతినికేతన్ కోసం వేసిన గొళ్ళెం కావలి పద్యాలకు కూడా పడింది. కాపీరైటు మీద దేశాలు చేసుకున్న బెర్న్ ఒప్పందం మనల్ని అడిగేది 50 ఏళ్ళే. ఆ పదేళ్ళు మనం వెనక్కి తీసుకుంటే ఆ ఒప్పందం చెడదు. ఎవరూ ఆ మాట ఎత్తరు, అంతే.

మన పక్క జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం గారి సంగతి చూడండి. ఆయన పోయింది 1957 మే 20న, ఈ చట్టం వచ్చిన ఏడే. ఆయన బతికుండగా అచ్చయిన రాతంతా 2018 జనవరి 1 నుంచి మనది. ఎవరైనా వేసుకోవచ్చు, గొంతెత్తి చదివి యూట్యూబులో పెట్టుకోవచ్చు. కానీ ఆయన ఆత్మకథకు చివరి భాగం రాసింది తెన్నేటి విశ్వనాథం గారు. ఆయన పోయింది 1979లో. ఆ భాగానికి తాళం 2039 చివరిదాకా ఉంటుంది. ఒంగోలులో ఏ బడిపంతులైనా మొత్తం కథను పిల్లల కోసం వేద్దామనుకుంటే, ప్రకాశం గారి కలం ఆగినచోట ఈయనా ఆగి అనుమతి వెతుక్కోవాలి.

కవిత్రయంలో ఇద్దరు మనవైపు వాళ్ళే కదా. తిక్కన విరాటపర్వం నుంచి ఎత్తుకున్నాడు, నన్నయ వదిలేసిన అరణ్యపర్వ శేషం అట్లాగే ఉండిపోయింది. రెండువందల ఏళ్ళు దాటాక పాకనాటి ఎర్రన దాన్ని పూరించి, తన పేరు వెనక్కి పెట్టుకుని, నన్నయ రాసినట్టే రాజరాజనరేంద్రుడికి చెప్పాడు. ఏ సంతకం కోసమూ రాజమహేంద్రవరం తిరగలేదు. ఈనాటి చట్టం కూడా ఆయన్ను ఏమీ అనదు, గడువు ఎప్పుడో తీరింది. అదే నన్నయ పోయిన 58 ఏళ్ళకే పూరించి ఉంటే మాత్రం నోటీసు వచ్చేది.

వారసులు తెలిసిన పుస్తకానికే ఇంత తిప్పలుంటే, తెలియనివాటి సంగతి? వాటికీ దారుంది, 31-ఎ సెక్షన్. హక్కుదారు దొరక్కపోతే కోర్టుకు దరఖాస్తు పెట్టి లైసెన్సు తీసుకోవచ్చు. 2012 సవరణతో అచ్చయిన పుస్తకాలకు కూడా వర్తింపజేశారు. బాగుంది. అయితే దరఖాస్తుకు ముందు ఒక ప్రకటన ఇవ్వాలి. ఎక్కడ? దేశంలో ఎక్కువ భాగం తిరిగే ఇంగ్లీషు దినపత్రికలో! ఉదయగిరిలోనో కనిగిరిలోనో ఉన్న వారసుణ్ణి వెతకడానికి ఢిల్లీ, ముంబయిల్లో చదివే ఇంగ్లీషు పేపర్లో ప్రకటన. ఆ ప్రకటన ఖర్చుతో ఆ పుస్తకం నాలుగుసార్లు వేయొచ్చు. దీన్ని రాసినాయన తెలుగు పుస్తకం ఎన్ని ప్రతులు వేస్తారో ఎప్పుడూ విని ఉండడు.

చట్టాన్ని ఇంతసేపు తిట్టాను కాబట్టి నా తప్పు కూడా చెప్పుకోవాలి. 1998లో ఒక రిటైర్డు మాస్టారు తన ఊరి చరిత్ర నా దగ్గర కంపోజ్ చేయించారు. అప్పట్లో అందరిలాగే పేజ్‌మేకర్‌లో, 'అను' అనే కంపెనీ ఫాంట్లలో చేశాను. ఫ్లాపీల్లోంచి సీడీకి ఎక్కించాను, సీడీ మీద స్కెచ్చు పెన్నుతో ఊరి పేరు రాసి దాచాను. నిరుడు వాళ్ళమ్మాయి వచ్చి అడిగితే గర్వంగా తీసి కంప్యూటర్లో పెట్టాను. తెర నిండా డాలర్లు, శాతం గుర్తులు, తలమీద చుక్కలున్న ఇంగ్లీషు అక్షరాలు! ఆ ఫాంటు లేని యంత్రానికి అది తెలుగని తెలియదు. ఏ యంత్రమైనా చదవగలిగే యూనికోడులోకి మార్చే పనిముట్లున్నాయి, మార్చాను. సగం ఒత్తులు ఎగిరిపోయాయి. మన ఊళ్ళలో డీటీపీ చేసిన పుస్తకాలు ఎన్ని ఇట్లా సీడీల్లోనే సమాధి అయ్యాయో. దానికి కాపీరైటు చట్టం పూచీ కాదు. మా బద్ధకమే పూచీ.

పాత అచ్చు పుస్తకాలనైతే స్కాన్ చేసి యంత్రంతో చదివించాలి. కావలి పద్యాలు నేను ఒక రాత్రి కూర్చుని చదివించాను, దాచేదేముంది. అరిగిపోయిన సీసపు అక్షరాల్లో 'న'కూ 'స'కూ తేడా దానికి తెలియదు, 'ప'కూ 'వ'కూ తెలియదు. 'వాన' అన్నచోటల్లా 'వాస' అని రాసింది, 'పాపం' కాస్తా 'పావం' అయింది. పేజీ దిద్దడానికి ఇరవై నిమిషాలు పట్టింది. ఈ పని చేసే ఓపికున్న మనుషులు ఊరికి ఇద్దరున్నా చాలు, కానీ దిద్దిన దాన్ని నలుగురికీ చూపించే హక్కు వాళ్ళకు ఉండాలి.

లైబ్రేరియన్లు చాలామంది వచ్చారు కాబట్టి ఒక్కమాట. మీ చేతిలో ఉన్న హక్కు మీరు వాడుకోవడం లేదు. లాభాపేక్ష లేని ప్రజా గ్రంథాలయం తన బీరువాలో ఉన్న పుస్తకాన్ని భద్రపరచడానికి డిజిటల్ ప్రతి చేసి ఉంచుకోవచ్చు. 52వ సెక్షన్ ఎవరి అనుమతీ అడగక్కర్లేదంటోంది. దేశంలో అమ్మకానికి దొరకని పుస్తకాన్ని గ్రంథాలయం వాడకానికి మూడు ప్రతులదాకా తీసుకోవచ్చు. చూపు లేనివాళ్ళ కోసమైతే వాళ్ళు చదవగలిగే రూపంలోకి మార్చడానికి ఇంకా విశాలంగా తలుపు తీసింది. దానికి సంబంధించిన మరాకేష్ ఒప్పందాన్ని 2014లో ప్రపంచంలో అందరికంటే ముందు ఆమోదించింది మన దేశమే. వేటపాలెం సారస్వత నికేతనం ఉంది కదా, మొన్నటిదాకా ప్రకాశం జిల్లాలో, ఇప్పుడు బాపట్లలో. 1918లో మొదలైంది, 1929లో గాంధీ గారు భవనానికి శంకుస్థాపన చేశారు. అక్కడి పాత పత్రికల కోసం ఎక్కడెక్కడి పరిశోధకులో రైలెక్కి వస్తారు. ఆ కాగితానికి మన ఉప్పుగాలి ఎన్నాళ్ళు గడువిస్తుందో ఏ సెక్షన్‌లోనూ రాసిలేదు.

ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్సు కొట్టు కేసు గురించి కూడా చెప్పాలి, మా కులవృత్తి కదా. పెద్ద పెద్ద విదేశీ ప్రచురణ సంస్థలు ఒక జిరాక్సు కొట్టు మీద కేసు వేశాయి. చదువు చెప్పడంలో భాగంగా తీసే నకళ్ళు తప్పు కాదని 2016లో ఢిల్లీ హైకోర్టు చెప్పింది. కాపీరైటు దేవుడిచ్చిన హక్కేమీ కాదని కూడా ఆ తీర్పులో ఉంది. ఆరోజు మా సందులో స్వీట్లు పంచాను.

మరి ఏం చేయాలంటారా? దూరం పోనక్కర్లేదు, తడ దాటితే చాలు. తమిళనాడు ప్రభుత్వం పెద్ద రచయితల వారసులకు సొమ్ము ముట్టజెప్పి, రచనల్ని జనానికి వదిలేస్తుంది. నాట్టుడైమై అంటారు, జాతి ఆస్తి చేయడమన్న మాట. తమిళ కవి సుబ్రహ్మణ్య భారతి రచనల హక్కుల్ని 1949లోనే మద్రాసు ప్రభుత్వం చేతిలోకి తీసుకుంది. అప్పుడు మనమూ ఆ రాష్ట్రంలోనే ఉన్నాం! ఆ అలవాటు వాళ్ళు నిలబెట్టుకున్నారు, ఆ పుస్తకాలు ఈరోజు నెట్‌లో ఊరికే దొరుకుతాయి. మనం రాష్ట్రం తెచ్చుకున్నాం, ఈ ఒక్కటి అక్కడే వదిలేసి వచ్చాం. ఏడాదికి పదిమంది రచయితల్ని ఇట్లా విడిపించడానికి అయ్యే ఖర్చు ఒక పెద్ద సభకు వేసే షామియానాల ఖర్చుకు మించదని నా అంచనా. రెండోది, ప్రభుత్వమే మన పన్నులతో అచ్చేసిన తెలుగు పుస్తకాలకు కూడా 60 ఏళ్ళ తాళం ఉంది. అది తీయడానికి ఏ వారసుణ్ణీ వెతకక్కర్లేదు.

ఏఐ గురించి అడుగుతారని తెలుసు. తన వార్తల్ని అడక్కుండా యంత్రానికి చదివించారని ఏఎన్ఐ వార్తాసంస్థ 2024 నవంబరులో చాట్‌జీపీటీ చేసిన ఓపెన్ఏఐ మీద ఢిల్లీ హైకోర్టుకు వెళ్ళింది. యంత్రాలు అందరి రచనలూ చదువుకోవచ్చు, బదులుగా రాయల్టీ కట్టాలి అని 2025 డిసెంబరులో కేంద్రం వేసిన కమిటీ ఒక పత్రం పెట్టింది. రాయల్టీ మంచిదే. కానీ అది చేరేది లెక్కల్లో పేరున్నవాళ్ళకు. మన పద్యాలాయన పేరు ఏ లెక్కలో ఉంది? ఆ పుస్తకం తువ్వాలులో ఉన్నంతకాలం యంత్రమూ చదవదు, మనిషీ చదవడు, రాయల్టీ సంగతి సరేసరి.

చివరగా నా నేరం ఇంకోటి ఉంది. ఈ ముప్పయ్యేళ్ళలో నేను చేసిన ప్రతి పుస్తకం రెండో పేజీలో 'సర్వహక్కులు రచయితవి' అని ఉంటుంది. ఏ రచయితా నన్ను అట్లా పెట్టమనలేదు. పాత ఫైల్లో ఉండేది, నేను పేరు మార్చి వదిలేసేవాణ్ణి. సొంత డబ్బుతో అయిదొందలు వేయించుకుని, కనిపించిన ప్రతివాడి చేతిలోనూ ఊరికే పెట్టి "చదవండి సార్" అని బతిమాలే మనుషుల పుస్తకాలకు నేనే తాళాలు వేశాను. చట్టంలో 21వ సెక్షన్ ఉంది. రచయిత తన హక్కు వదులుకోవాలనుకుంటే బహిరంగ ప్రకటన చేసి వదులుకోవచ్చు. అంతదాకా ఎందుకు, ఎవరు ఏం చేసుకోవచ్చో రెండో పేజీలో ఒక ముక్క రాసిపెట్టుకోవచ్చు.

ఇప్పుడు అడుగుతున్నాను. పోయిన నెల పొదలకూరు దగ్గర పనిచేసే ఒక టీచరమ్మ కథల పుస్తకం చేశాను. "అమ్మా, హక్కుల పేజీలో ఏం పెట్టమంటారు?" అంటే, "అందరూ పెట్టేదే పెట్టండన్నా" అన్నారు. విషయం చెప్పాను. టీ చల్లారిపోయేదాకా ఆలోచించి, ప్రూఫు కాగితం వెనక్కి తిప్పి పెన్సిలుతో రాసిచ్చారు: "ఈ కథలు ఎవరైనా వేసుకోవచ్చు. నా పేరు ఉంచండి. తప్పులని దిద్దకండి, అవి మా ఊరి మాటలు."