గొట్టంలో మందు, సంచిలో మాత్ర

(కొత్తగా చేరిన స్టాఫ్ నర్సుల శిక్షణలో చేసిన ప్రసంగం)

సిస్టర్స్‌కి, బ్రదర్స్‌కి నమస్కారం.

మందులు, ట్యూబులు, స్టోమా (పేగును బయటికి తెచ్చి పొట్ట మీద చేసిన ద్వారం), ఆక్సిజన్. ఈ నాలుగూ మీరు విడివిడిగా చదివారు, పరీక్షలూ విడివిడిగానే రాశారు. వార్డులో మాత్రం నాలుగూ ఒకే మంచం మీద ఉంటాయి. నేను చూసినంతలో పాఠం రాక జరిగే పొరపాట్ల కన్నా, ఒకటి ఇంకొకదానితో కలిసే చోట జరిగేవే ఎక్కువ. ఈరోజు వాటి గురించే చెబుతాను.

ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబ్‌తో మొదలుపెడదాం. ముక్కు కొన నుంచి చెవి తమ్మె దాకా, అక్కడి నుంచి రొమ్ము ఎముక కింది కొన దాకా కొలవడం మీకు వచ్చు. ట్యూబ్ వేశాక సిరంజితో గాలి కొట్టి, పొట్ట మీద స్టెత్ పెట్టి, శబ్దం వినిపించింది కదా అని ఫీడ్ మొదలుపెట్టడం చాలా చోట్ల ఇంకా అలవాటే. ఆ శబ్దాన్ని నమ్మొద్దు. ట్యూబ్ ఊపిరితిత్తుల వైపు వెళ్ళినా అలాంటి శబ్దమే వినిపించవచ్చు. బ్రిటన్‌లో ఈ పద్ధతి వద్దని 2005లోనే హెచ్చరించారు. ట్యూబ్ చివర నీళ్ళలో ముంచి బుడగలు చూడటం కూడా అంతే. లోపలి ద్రవం కొంచెం లాగి, ఆమ్లం ఎంతుందో చూపే పీహెచ్ స్ట్రిప్ మీద వేయండి. 5.5 గానీ అంతకు తక్కువ గానీ వస్తే పొట్టలో ఉన్నట్టు. పాంటాప్రజోల్ లాంటి, ఆమ్లం తగ్గించే మందు వాడేవాళ్ళకు పీహెచ్ పెరిగి ఉండొచ్చు. ద్రవం రాకపోయినా, అనుమానం ఉన్నా ఎక్స్‌రే తీయించాలి. డాక్టర్ చూసి సరే అనేదాకా చుక్క నీళ్ళు కూడా పోయొద్దు. వార్డులో స్ట్రిప్స్ లేకపోతే ఇండెంట్ పెట్టి, వచ్చేదాకా అడుగుతూనే ఉండండి.

మన దగ్గర ఫీడ్ పోసేది చాలాసార్లు కూతురో కోడలో. వాళ్ళను తప్పుపట్టి లాభం లేదు, నేర్పడమే మన పని. తలవైపు 30 నుంచి 45 డిగ్రీలు ఎత్తాలి. ఫీడ్ అయ్యాక కనీసం అరగంట అలాగే ఉంచాలి. ముక్కు దగ్గర ట్యూబ్ మీద పెన్నుతో గుర్తు పెట్టి చూపించండి. "గుర్తు జరిగితే ఏమీ పోయకమ్మా, నన్ను పిలువు" అని చెప్పండి. చెప్పి వదిలేయకుండా ఒక ఫీడ్ మీ ముందే పోయించండి.

ఇప్పుడు మందు ట్యూబ్‌లోకి వెళ్ళే సంగతి. డ్రగ్ చార్ట్‌లో నోటి ద్వారా అని ఉంటుంది, రోగి మింగలేడు, మాత్ర నూరి పోసేస్తాం. మాత్ర పేరు చివర ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్, ఈఆర్ ఉందేమో ముందు చూడండి. అది 12 గంటలో 24 గంటలో మెల్లగా వదలాల్సిన మందు. నూరితే మొత్తం ఒక్కసారే ఒంట్లోకి వెళుతుంది. బీపీ మాత్ర అయితే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. ఆమ్లం తగలకుండా పూత వేసిన మాత్రలూ నూరకూడదు. సిరప్ ఉందా, ఇంజెక్షన్ ఉందా అని డాక్టర్‌ను అడగండి. మందులన్నీ ఒకే కప్పులో కలపొద్దు. ఒక్కోటి విడిగా ఇచ్చి, ముందూ వెనకా 15 నుంచి 30 మిల్లీలీటర్ల నీళ్ళు పంపండి. నీళ్ళు తగ్గించమన్న రోగి అయితే ఎంతో కనుక్కోండి. ఫిట్స్ మందు ఫెనిటాయిన్ ఫీడ్‌తో కలిస్తే సరిగా ఒంటికి పట్టదు. ఫీడ్ ఎంతసేపు ఆపాలో ఆర్డర్‌లో రాయించుకోండి.

ఇంకోటి. సిరప్‌ను మామూలు ఇంజెక్షన్ సిరంజిలో తీసి ట్రేలో పెట్టడం నాకు అసలు నచ్చని పని. పక్కనే రక్తనాళంలో పెట్టిన కాన్యులా ఉంటుంది, నైట్ డ్యూటీలో కళ్ళు మూతపడుతుంటాయి. కాన్యులాకు పట్టని ఓరల్ సిరంజి వాడితే ఆ టెన్షనే ఉండదు.

ఇన్సులిన్ గురించి ఒక్క మాటే. మన దగ్గర మిల్లీలీటరుకు 40 యూనిట్ల వయలూ ఉంది, 100 యూనిట్ల వయలూ ఉంది. 100 వయల్ నుంచి 40 సిరంజితో 20 గీత దాకా తీస్తే లోపలికి వెళ్ళేది 50 యూనిట్లు. సిరంజి, వయల్ రెండూ పక్కపక్కన పట్టుకుని ఇంకో సిస్టర్‌కు చూపించాకే ఇవ్వండి.

స్టోమా ఎర్రగా, తడిగా ఉండాలి. తుడిచినప్పుడు కాస్త రక్తం అంటితే కంగారు పడక్కర్లేదు. ముదురు ఊదా రంగులోకో నలుపులోకో తిరిగితే అప్పటికప్పుడు సర్జన్‌కు ఫోన్ చేయాలి. సంచి మూడో వంతు నిండగానే ఖాళీ చేయించండి. బరువెక్కితే అంచు ఊడి, చర్మం ఒరిసిపోతుంది. ఇలియోస్టమీ, అంటే చిన్నపేగును బయటికి తెచ్చిన స్టోమా, ఉన్నవాళ్ళకు పెద్దపేగు దాకా ప్రయాణం ఉండదు కాబట్టి, మెల్లగా కరిగే మాత్ర పని పూర్తికాకుండానే సంచిలోకి వచ్చేయొచ్చు. కొన్ని మందుల ఖాళీ తొడుగు మామూలుగానే బయటికొస్తుంది. ఏది ఏదో మీరు తేల్చొద్దు, కనిపించింది కనిపించినట్టు డాక్టర్‌కు చెప్పండి. వీళ్ళకు విరేచనాల మందు ఇవ్వకూడదు. సంచిలోకి నీళ్ళలా ఎక్కువగా పోతుంటే ఇంట్లోవాళ్ళు బిందెడు మంచినీళ్ళు తాగిస్తారు. దాంతో ఉప్పు ఇంకా పోతుంది. ఓఆర్ఎస్ ఇప్పించి, ఎంత పోతోందో కొలిచి రాయండి.

ఆక్సిజన్ కూడా మందే, దానికీ ఆర్డర్ ఉండాలి. సీవోపీడీ అనే దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు ఉన్న రోగికి రక్తంలో ఆక్సిజన్ సాధారణంగా 88 నుంచి 92 శాతం చాలు. 90 చూసి భయపడి అటెండెంట్ నాబ్ తిప్పేస్తాడు, అందుకే టార్గెట్ ఎంతో మంచం దగ్గర రాసి పెట్టండి. మామూలు ఫేస్ మాస్క్‌కు 5 లీటర్ల కన్నా తగ్గించొద్దు, వదిలిన గాలే మళ్ళీ పీలుస్తారు. రిజర్వాయర్ మాస్క్ అయితే సంచి ఉబ్బాకే ముఖానికి పెట్టాలి.

అన్నిటికన్నా నాకు భయం రోగిని ఇంకో చోటికి తీసుకెళ్ళే షిఫ్టింగ్ అంటేనే. స్ట్రెచర్ ఎక్కించగానే మూత్రం పట్టే యూరోబ్యాగ్ పొట్ట మీదకు, ఛాతీ ట్యూబ్‌కు తగిలించిన ఐసీడీ బాటిల్ ఒళ్ళోకి వచ్చేస్తాయి. యూరోబ్యాగ్ మూత్రాశయం కన్నా కిందే ఉండాలి, బాటిల్ ఛాతీ కన్నా కిందే ఉండాలి. ఆర్డర్ లేకుండా ఛాతీ ట్యూబ్‌కు క్లాంప్ వేయొద్దు. బీ టైప్ ఆక్సిజన్ సిలిండర్ నిండుగా ఉంటే దాదాపు 1500 లీటర్లు. నిమిషానికి 10 లీటర్లు పోతుంటే రెండున్నర గంటలు వస్తుంది, గేజ్ సగంలో ఉంటే గంటంపావు. లిఫ్ట్ కోసం ఆగేదీ, తిరిగి వచ్చేదీ అందులోనే. సీటీ గది బయట క్యూ ఎంత ఉందో ఫోన్ చేసి కనుక్కున్నాకే స్ట్రెచర్ కదపండి.