బోర్డు పోయిందనే ముందు రాడ్డు చూడండి

యాంకర్: నమస్కారం, కర్నూలు నుంచి మాట్లాడుతున్నాం. ఎలక్ట్రానిక్ టైప్‌రైటర్లు బాగుచేసే అన్న మనతో ఉన్నారు. అన్నా, స్విచ్ వేస్తే గుర్రుమని ఒక శబ్దం వస్తుంది, తర్వాత ఏ కీ నొక్కినా పలకదు. లోపలి సర్క్యూట్ బోర్డు పోయినట్టేనా?

మెకానిక్: అంత తొందరపడొద్దు నాయనా. స్విచ్ వేయగానే క్యారేజీ, అంటే అక్షరాలు కొట్టే భాగాన్ని మోసుకుంటూ అటూఇటూ తిరిగేది, ఎడమ చివరికి పోయి తన చోటు చూసుకుంటుంది. దారిలో ఇరుక్కుంటే చాలా మోడళ్లు అక్కడే ఆగిపోతాయి. చాలాసార్లు కారణం పాత గ్రీజే. ఏళ్ల తరబడి అటక మీదుంటే క్యారేజీ నడిచే రాడ్డు మీద గ్రీజు బంకలా గట్టిపడుతుంది. మన దుమ్ము కూడా దానికే అంటుకుంటుంది.

యాంకర్: ఇంట్లో ఏం చేయొచ్చు?

మెకానిక్: ముందు ప్లగ్గు పీకేయండి. క్యారేజీ కదలకుండా పెట్టే ప్యాకింగ్ లాక్ ఏదైనా మిగిలిందేమో చూడండి. తర్వాత చేత్తో మెల్లగా అటూఇటూ జరపండి. బిగువుగా ఉంటే, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన గుడ్డతో రాడ్డు తుడిచి, పలచని మెషిన్ ఆయిల్ ఒక్క పొర రాయండి. కిరసనాయిలు మాత్రం పోయొద్దు! లోపలి ప్లాస్టిక్కు, రబ్బరుకు మంచిది కాదు.

యాంకర్: ఒక అక్షరం కొడితే ఇంకోటి పడుతుంది, అదేంటి?

మెకానిక్: డైసీ వీల్ చూడండి. పువ్వు రేకుల్లాగా చుట్టూ అక్షరాలుండే చక్రం అది. సరిగ్గా కూర్చోకపోయినా, వేరే మోడల్‌ది పెట్టినా అక్షరాలన్నీ తప్పుతాయి. ఒక్క అక్షరమే పడకపోతే ఆ రేకు విరిగిందేమో, ఆ కీ కిందే మురికుందేమో చూడాలి. మూత తీసి పెడితే కొన్ని మోడళ్లు అసలు కొట్టవు, మూత కింద స్విచ్ ఉంటుంది. దాని గురించే ఫోన్లు చేస్తుంటారు.

యాంకర్: రిబ్బన్ సంగతి?

మెకానిక్: ఇది దస్తావేజు రాసేవాళ్లు జాగ్రత్తగా వినాలి. కరెక్టబుల్, అంటే దిద్దుకోవడానికి వీలయ్యే, ఫిల్మ్ రిబ్బన్‌తో కొట్టిన అక్షరాన్ని లిఫ్ట్-ఆఫ్ టేపు కాగితం మీద నుంచి లేపేస్తుంది. ఉత్తరాలకు హాయి. కానీ అమ్మకం పత్రంలో సొమ్ము అంకె కూడా అలాగే లేచిపోతుంది కదా? అలాంటి కాగితాలకు చెరగని రిబ్బనే వాడండి. నాకు ఈ విషయంలో రాజీ లేదు. ఇంకోటి, చెరగని రిబ్బన్‌కు లిఫ్ట్-ఆఫ్ టేపు పెట్టి "కరెక్షన్ పనిచేయట్లేదు" అంటారు. మెషిన్‌లో తప్పేమీ లేదు, ఆ రెండూ జతకావంతే.

యాంకర్: విదేశాల నుంచి తెచ్చిన మెషిన్లు?

మెకానిక్: వెనక లేబుల్ చదవకుండా ప్లగ్గు పెట్టొద్దు. 120 వోల్టులని ఉంటే మన 230లో నేరుగా పెడితే కాలిపోతుంది. సరిపడే ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. మెమరీ ఉన్న మోడలైతే లోపల బ్యాటరీ ఉండొచ్చు, అది కారి బోర్డును తినేసిందేమో కూడా చూపించుకోండి.

యాంకర్: వాడేసిన రిబ్బన్ ఏం చేయాలన్నా?

మెకానిక్: ఒక్కసారే వాడే ఫిల్మ్ రిబ్బన్ అయితే, కొట్టిన ప్రతి అక్షరం దాని మీద ఖాళీగా కనిపిస్తుంది. విప్పి వరసగా చదివేయొచ్చు. కోర్టు కాగితాలు, బ్యాంకు కాగితాలు కొట్టినవాళ్లు క్యాసెట్‌ను అలాగే చెత్తకుప్పలో వేయొద్దు, లోపలి ఫిల్మ్ బయటికి లాగి ముక్కలుగా కత్తిరించి పారేయండి.