డబ్ల్యుడిజి-4: పట్టాను జారనివ్వని గూడ్స్ ఇంజన్

నమస్కారం. మౌలాలి, చర్లపల్లి, సనత్‌నగర్ పరిసరాల్లో ఉండే హైదరాబాదీలకు గూడ్స్ బండ్లు బాగా పరిచయం. బీబీనగర్ నుంచి నడికుడి వైపు సాగే లైనులో సిమెంటు బండ్లను విద్యుత్ తీగలు వచ్చేదాకా డీజిల్ ఇంజన్లే లాగాయి. ఆ డీజిల్ ఇంజన్లలో ఒక తరగతి, డబ్ల్యుడిజి-4, ఈ వీడియోకు విషయం. దీని గురించి మాట్లాడేవారు సాధారణంగా 4,000 హార్స్‌పవర్ అనే అంకె దగ్గర ఆగిపోతారు. నా దృష్టిలో దీని గొప్పదనం ఆ అంకెలో కాదు, చక్రం పట్టాను పట్టుకునే తీరులో ఉంది.

ముందు ఒక లెక్క చూద్దాం. బాక్స్‌ఎన్ అనే పైకప్పు లేని 58 వ్యాగన్ల నిండా బొగ్గు నింపితే బండి బరువు సుమారు 4,700 టన్నులు అవుతుంది. 150 మీటర్లకు ఒక మీటరు లేచే ఎత్తులో ఆ బండి వెనక్కి జారకుండా ఆపడానికే 31 టన్నుల లాగుడు బలం కావాలి. బేరింగుల రాపిడిని, ఇంజన్ సొంత బరువును కూడా కలిపితే అవసరం 40 టన్నుల దరిదాపులకు చేరుతుంది. ఎంత శక్తి గల ఇంజన్ అయినా, దాని చక్రాలు పట్టాపై జారకుండా నిలిచినంత మేరకే ఆ బలాన్ని బండికి అందించగలదు. వాన చినుకు పడి పట్టా తడిసిన రోజున ఈ సంగతి లోకో పైలట్‌కు మరీ బాగా తెలుస్తుంది.

1960ల నుంచి మన రైల్వేకు వెన్నెముకగా నిలిచిన డబ్ల్యుడిఎం-2 బరువు దాదాపు 113 టన్నులు, లాగుడు బలం 30 టన్నులకు కొంచెం పైన. అంటే తన బరువులో 27 శాతాన్ని మాత్రమే లాగుడుగా మార్చగలిగేది. 1995లో వారణాసి డీజిల్ లోకోమోటివ్ వర్క్స్ గూడ్స్ బండ్ల కోసమే తీసుకొచ్చిన డబ్ల్యుడిజి-3ఏలో 3,100 హార్స్‌పవర్‌తో పాటు కొత్త బోగీ (ఇరుసులను, మోటార్లను పట్టి ఉంచే కింది చట్రం) కూడా వచ్చింది. అందులో, డీజిల్‌తో పుట్టించిన విద్యుత్తుతో చక్రాలను తిప్పే ట్రాక్షన్ మోటార్లన్నీ ఒకే దిశకు అమర్చడం వల్ల, లాగేటప్పుడు ముందు ఇరుసుల మీద బరువు తేలిపోవడం తగ్గి, పట్టు 31 శాతానికి చేరింది. అది మంచి మెరుగుదలే. కానీ మోటార్లు ఇంకా డీసీవే.

డబ్ల్యుడిజి-4తో మారింది ఆ మోటారే. జనరల్ మోటార్స్ సంస్థ లోకోమోటివ్ విభాగంతో 1995లో కుదిరిన సాంకేతిక బదిలీ ఒప్పందం ప్రకారం 1999లో మొదటి ఇంజన్లు మన దేశానికి చేరాయి. 2002 నుంచి వారణాసిలోనే తయారీ మొదలైంది. 126 టన్నుల బరువున్న ఈ ఇంజన్ బయలుదేరేటప్పుడు 53 టన్నుల లాగుడు బలాన్ని ఇస్తుంది, అంటే తన బరువులో 42 శాతం. ఇంజన్ బరువు పెద్దగా పెరగకుండానే ఇంత తేడా ఎలా వచ్చిందన్నది కాస్త నిదానంగా చూడదగిన విషయం.

డీసీ సిరీస్ మోటారు నడిపే చక్రం ఒక్కసారి జారితే, భారం తగ్గిన మోటారు మరింత వేగం పుంజుకొని, జారుడు ఇంకా పెరుగుతుంది. మూడు ఫేజుల ఏసీ ఇండక్షన్ మోటారుకు ఇన్వర్టర్ (డీసీని ఏసీగా మార్చే పరికరం) ఒక నిర్దిష్ట ఫ్రీక్వెన్సీని అందిస్తుంది కాబట్టి, చక్రం ఆ వేగాన్ని మించబోతే మోటారు బలం దానంతట అదే పడిపోయి, చక్రం మళ్లీ పట్టు దొరికించుకుంటుంది. దీనికి తోడు ఇంజన్ కింద అమర్చిన రాడార్ నేల మీద అసలు వేగాన్ని కొలుస్తుంది. చక్రాలు ఆ వేగం కంటే అతి స్వల్పంగా ఎక్కువ తిరిగేలా కంప్యూటర్ చూసుకుంటుంది, ఎందుకంటే గరిష్ఠమైన పట్టు ఆ స్వల్పమైన జారుడు దగ్గరే దొరుకుతుంది. డీసీ మోటారులో తిరిగే భాగానికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు, కమ్యుటేటర్ ఇందులో లేకపోవడం వల్ల నిదానంగా ఎత్తెక్కేటప్పుడు మోటారు కాలిపోతుందన్న భయం కూడా తగ్గింది. ఇంత సున్నితమైన నియంత్రణను ఇంత బరువైన యంత్రంలో చూసినప్పుడల్లా నాకు ఆనందం కలుగుతుంది.

ఇంజన్ శబ్దం కూడా వేరు. డబ్ల్యుడిఎం-2 లాంటి పాత ఆల్కో రకం ఇంజన్లు నాలుగు స్ట్రోకులవి. డబ్ల్యుడిజి-4లోని 16 సిలిండర్ల 710 రకం డీజిల్ ఇంజన్ రెండు స్ట్రోకులది. తక్కువ వేగంలో టర్బోచార్జర్‌ను గేర్లే తిప్పుతాయి కాబట్టి, నాచ్ (శక్తిని పెంచే మీట మెట్టు) పెంచగానే ఆల్కోలు కక్కే నల్లటి పొగ ఇందులో తక్కువ.

లోపాలు లేవని కాదు. తొలి రూపంలో ఒక బోగీలోని మూడు మోటార్లకూ ఒకే ఇన్వర్టర్ ఉండేది. అది ఆగిపోతే ఇంజన్ సగం చచ్చుబడేది, మూడు ఇరుసుల చక్రాల వ్యాసాలూ దాదాపు సమానంగా ఉండాల్సివచ్చేది. తర్వాత ఒక్కో ఇరుసును విడిగా నియంత్రించే ఏర్పాటు వచ్చింది. ఇక్కడ మన నగరం పేరు చెప్పుకోవాలి: హైదరాబాదుకు చెందిన మేధా సర్వో డ్రైవ్స్ ఈ తరగతి ఇంజన్లకు నియంత్రణ వ్యవస్థలు, ట్రాక్షన్ కన్వర్టర్లు తయారుచేసిన సంస్థల్లో ఒకటి. ఇక లోకో పైలట్ కూర్చునే క్యాబ్ ఒకటే ఉండటంతో, యంత్రాలను కప్పే పొడవైన హుడ్ ముందుండేలా నడపాల్సి వచ్చినప్పుడు లోకో పైలట్‌కు సిగ్నళ్లు సరిగా కనిపించేవి కావు. రెండు క్యాబ్‌ల డబ్ల్యుడిజి-4డి ఆ ఇబ్బందిని తీర్చింది. ఈ మార్పు ఇంకా ముందే జరగాల్సిందని నా అభిప్రాయం.

ఈ ఇంజన్లకు మొదటి నివాసం హుబ్బళ్లి షెడ్. కాజిల్ రాక్ నుంచి కులెం దాకా ఉన్న బ్రగాంజా ఘాట్‌లో, 37 మీటర్లకు ఒక మీటరు లేచే ఆ దారిలో, బండ్లను వెనక నుంచి తోసే బ్యాంకర్లుగా ఇవి పేరు తెచ్చుకున్నాయి. దిగేటప్పుడు వాటి డైనమిక్ బ్రేకుల (మోటార్లనే జనరేటర్లుగా మార్చి వేగం తగ్గించే బ్రేకుల) విలువ ఎక్కడానికి ఇచ్చే బలం కంటే తక్కువేమీ కాదు.

ఇప్పుడు బ్రాడ్‌గేజ్ దాదాపు అంతా విద్యుదీకరణ కావడంతో మెయిన్ లైన్ గూడ్స్ బండ్ల ముందు ఇవి తగ్గిపోయాయి. డీజిల్ ఇంజన్‌కు రైల్వే లెక్కగట్టే సేవాకాలం 36 ఏళ్లు, కాబట్టి వీటిలో చాలావాటికి ఇంకా ఆయుష్షు ఉంది. పాత డీజిల్ ఇంజన్లను విద్యుత్తుకు మార్చే ప్రయత్నం కూడా జరిగింది: రెండు డబ్ల్యుడిజి-3ఏలను కలిపి వారణాసిలో 10,000 హార్స్‌పవర్ విద్యుత్ ఇంజన్‌గా మార్చి 2019 ఫిబ్రవరిలో పట్టాలెక్కించారు. ఈరోజు మౌలాలి యార్డు దాటే బొగ్గు బండి ముందు మీకు కనిపించే డబ్ల్యుఏజి-9 విద్యుత్ ఇంజన్ కూడా మూడు ఫేజుల ఏసీ మోటార్లతోనే పట్టాను పట్టుకుంటుంది.